ఉమ్రాకో, పిల్లల దగ్గరికో వెళ్తున్న పెద్దలకు ట్రావెల్ ఇన్సూరెన్స్: షుగర్, బీపీ ఉంటే ఏం చూసి తీసుకోవాలి?

జహీరాబాద్: ఉమ్రా ప్యాకేజీ మాట్లాడేటప్పుడు మనవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి. హోటల్ హరమ్‌కి ఎంత దూరం? భోజనం హైదరాబాదీ స్టైలేనా? జియారత్‌లు ప్యాకేజీలోనే ఉన్నాయా? లగేజీ ఎన్ని కిలోలు? ఇన్సూరెన్స్ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఎవరైనా అడిగితే 'అది వీసాలోనే ఉంది భాయ్' అన్న మాటతో సరిపెడతారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ వీసాలో ఉన్నది ఎంత, దేనికి, మీ అమ్మీకి పదేళ్లుగా ఉన్న షుగర్‌కి అది వర్తిస్తుందా అన్నది వేరే సంగతి.

ఈ విషయం ఎందుకు పట్టించుకోవాలో 2024 హజ్ చూపించింది. ఆ ఏడాది మక్కాలో ఎండ 51 డిగ్రీలు దాటింది. మొత్తం 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. మన దేశం నుంచి వెళ్లిన దాదాపు లక్షా 75 వేల మందిలో 98 మంది మరణించారని విదేశాంగ శాఖ జూన్ 21న చెప్పింది. వీటికి కారణాలుగా సహజ అనారోగ్యం, దీర్ఘకాలిక జబ్బులు, వృద్ధాప్యం అని పేర్కొంది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య 187. అంటే అక్కడ మన పెద్దలను ఎక్కువగా దెబ్బతీసేది కొత్తగా అంటుకునే రోగం కాదు, ఇంటి నుంచి వెంట తీసుకెళ్లే పాత జబ్బే. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీలు ముందుగా చేయి వెనక్కి తీసుకునేది కూడా సరిగ్గా ఆ పాత జబ్బు దగ్గరే.

వీసాతో వచ్చే ఇన్సూరెన్స్ ఎంత వరకు?

సౌదీ ఉమ్రా వీసా ఫీజులోనే ఇన్సూరెన్స్ కలిసి ఉంటుంది. వైద్య ఖర్చులకు పరిమితి లక్ష రియాళ్లు. ఒక డాలర్‌కి 3.75 రియాళ్లు స్థిరమైన రేటు కాబట్టి ఇది సుమారు 26,600 డాలర్లు. అత్యవసర చికిత్స, ఆసుపత్రిలో చేరడం, రోడ్డు ప్రమాదం, అత్యవసర డయాలిసిస్ లాంటివి దీని కిందికి వస్తాయి. ఇందులో 'అత్యవసర' అన్న మాటే ముఖ్యం. మామూలు చెకప్, పాత జబ్బుకి రోజూ వేసుకునే మందులు, 'ఎలాగూ వచ్చాం కదా, మోకాలు కూడా చూపిద్దాం' అనుకునే పనులు దీంట్లో రావు. ఇంకో సంగతి, ఇది సౌదీ లోపల మాత్రమే పనిచేస్తుంది. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారేటప్పుడు ఛాతీలో నొప్పి వస్తే ఈ కాగితంతో ఉపయోగం లేదు.

కొడుకు జెద్దాలోనో రియాద్‌లోనో ఉద్యోగం చేస్తుంటే ఫ్యామిలీ విజిట్ వీసా మీద వెళ్లే తల్లిదండ్రులకూ ఇంతే. ఆ వీసాకు ఇన్సూరెన్స్ తప్పనిసరి, అందులోనూ అత్యవసరాలకే ప్రాధాన్యం. వీసా పొడిగించుకుంటే ఇన్సూరెన్స్ కూడా పొడిగించుకోవాలి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మొదటి పాలసీ నడుస్తుండగా బయటపడిన జబ్బును, ఆ తర్వాత తీసుకునే పాలసీ 'ముందే ఉన్న జబ్బు' కింద లెక్కేయవచ్చు. ఎక్కువ రోజులు ఉండే ఆలోచన ఉంటే మొదట్లోనే ఆ రోజులన్నిటికీ కలిపి తీసుకోవడం నయం.

మరి ఇండియాలో విడిగా ఇంకో పాలసీ తీసుకోవాలా? 40 ఏళ్ల ఆరోగ్యవంతుడు పది రోజుల ఉమ్రాకు వెళ్తుంటే వీసాతో వచ్చేది చాలు అనుకోవచ్చు. 65 దాటి, స్టెంట్ పడి, ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి మాత్రం విడిగా తీసుకోవాలనే నేనంటాను. అదీ అందులో ఏం రాసి ఉందో చదివాకే.

'ముందే ఉన్న జబ్బు' అంటే ఏమిటి?

పాలసీ కాగితాల్లో దీన్ని ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్ అనీ, పొట్టిగా పీఈడీ అనీ రాస్తారు. పాలసీ తీసుకునే నాటికే డాక్టర్ గుర్తించినది, లేదా మందులు వాడుతున్నది అని అర్థం. షుగర్, బీపీ, థైరాయిడ్, ఆస్తమా, కిడ్నీ సమస్య, పాత గుండె ఆపరేషన్, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. 'షుగర్ కంట్రోల్‌లోనే ఉంది కదా' అంటే కుదరదు. మందుతో కంట్రోల్‌లో ఉన్నా అది ఉన్నట్టే.

చాలామంది ఇక్కడ మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ లెక్కతో పొరబడతారు. దేశంలో తీసుకునే హెల్త్ పాలసీలో పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. గరిష్ఠంగా 4 ఏళ్లు ఉన్నదాన్ని 2024లో 3 ఏళ్లకు తగ్గించారు. అది దాటితే కవర్ వస్తుంది. విదేశీ ప్రయాణ పాలసీకి ఈ లెక్క వర్తించదు. పదిహేను రోజుల పాలసీలో మూడేళ్ల వెయిటింగ్ అన్న మాటకే అర్థం ఉండదు కదా. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు, మంచిదే, కానీ ఆ కార్డు మన దగ్గర జాబితాలో ఉన్న ఆసుపత్రుల గడప దాటి పనిచేయదు. 'మా నాన్నకి కంపెనీ హెల్త్ కార్డు ఉంది' అనేవాళ్లు కూడా అది విదేశంలో చెల్లుతుందో లేదో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. ఎక్కువ వాటికి చెల్లదు.

ట్రావెల్ పాలసీల్లో పాత జబ్బు విషయంలో మూడు రకాల మాటలు కనిపిస్తాయి. కొన్నింట్లో సూటిగా 'కవర్ లేదు' అని ఉంటుంది. ఎక్కువ వాటిలో 'ప్రాణాపాయ పరిస్థితిలో మాత్రమే, రోగి స్థిమితపడే వరకు' అని ఉంటుంది. అంటే గుండెపోటు వస్తే ప్రాణం నిలబెట్టే చికిత్సకు ఇస్తారు. పరిస్థితి నిలకడకు వచ్చాక చేసే మిగతా వైద్యం మీ జేబులోంచే. మూడో రకం, కొంచెం ఎక్కువ ప్రీమియం తీసుకుని పాత జబ్బుకి విడిగా ఒక పరిమితి పెట్టేవి. షుగర్, బీపీ ఉన్న పెద్దలకు వెతకాల్సింది ఈ మూడోదే. కనీసం రెండోది. మొదటి రకం చవగ్గా ఉంటుంది, ఏజెంట్లు ముందు చూపించేదీ అదే.

మూడో రకంలోనూ పెద్ద అంకె చూసి మోసపోకూడదు. ఒక ఉదాహరణ లెక్క వేసి చూద్దాం. పాలసీ మీద పెద్ద అక్షరాల్లో 50,000 డాలర్లు అని ఉంది. లోపల చిన్న అక్షరాల్లో పాత జబ్బుకి అందులో 10 శాతమే అని ఉంది. అంటే 5,000. దానికి తోడు డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మొదట మనం పెట్టుకోవాల్సిన మొత్తం, 100 డాలర్లు అనుకుందాం. ఆసుపత్రి బిల్లు 12,000 డాలర్లు అయితే కంపెనీ ఇచ్చేది మహా అయితే 5,000. మిగతా 7,000 మీవి. పాలసీ మీద 50,000 ఉన్నా, 5 లక్షలు ఉన్నా, పాత జబ్బు వరకు చూడాల్సింది ఆ లోపలి అంకె ఒక్కటే. వయసు 60 దాటిన వాళ్లకు గది అద్దెకు ఇంత, సర్జరీకి ఇంత అని ముక్కలు ముక్కలుగా పరిమితులు పెట్టే పాలసీలూ ఉన్నాయి. ప్రీమియం పోల్చేముందు ఈ అంకెలు పోల్చాలి. మేం బీకామ్‌లో ఇన్సూరెన్స్ చదువుకున్నప్పుడు కూడా ఇది ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక షుగర్ కేసు

పాత జబ్బుతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. కొత్తగా వచ్చిన గుండెపోటును కూడా 'ఇది మీ షుగర్ వల్లే' అని కంపెనీ చెప్పవచ్చు. ఇది ఊహించి రాస్తున్నది కాదు.

2009 మేలో ఒకాయన పెళ్లికని అమెరికా బయల్దేరుతూ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ దగ్గర ఓవర్సీస్ మెడిక్లెయిమ్ పాలసీ తీసుకున్నారు. ఆయనకు షుగర్ ఉంది, ఆ సంగతి చెప్పారు. కంపెనీ అడిగిన వైద్య పరీక్షలూ చేయించుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో దిగగానే నీరసం, చెమటలు. ఆసుపత్రిలో మూడు స్టెంట్లు వేశారు. క్లెయిమ్ పెడితే కంపెనీ తిరస్కరించింది. పాత షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నాయి, స్టాటిన్ మందు వాడుతున్న సంగతి చెప్పలేదు అన్నది కంపెనీ వాదన. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆయన ఓడిపోయారు. చివరికి 2021 డిసెంబర్ 6న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. ఫారంలో చెప్పిన జబ్బును తెలుసుకుని, పరీక్షలు చేయించి, అంతా చూసుకుని పాలసీ ఇచ్చిన తర్వాత, అదే జబ్బు పేరు చెప్పి క్లెయిమ్ కొట్టేయడం చెల్లదని స్పష్టంగా చెప్పింది.

ఈ తీర్పు మనకు ఎందుకు ముఖ్యమంటే, ఆయన్ను గెలిపించింది ఫారంలో నిజం రాయడమే. దీనికి ఎదురుగా 2009లో వచ్చిన ఇంకో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. అది ట్రావెల్ పాలసీ కాదు, మామూలు మెడిక్లెయిమ్. అక్కడ షుగర్, కిడ్నీ జబ్బు ఉన్న సంగతి పాలసీ తీసుకునేటప్పుడు దాచారు. మనిషి చనిపోయాక కుటుంబం క్లెయిమ్ అడిగితే, దాచినందుకు కంపెనీ తిరస్కరించడం సరైనదేనని కోర్టు తేల్చింది. రెండూ షుగర్ కేసులే. ఒకచోట రాశారు, ఒకచోట దాచారు.

ఫారం నింపేది ఎవరు?

మా ఖాలా ఉమ్రాకు వెళ్లేముందు పాలసీ కాగితాలు నా చేతికిచ్చి 'బేటా, ఒకసారి చూడు' అంది. జబ్బుల కాలమ్ మొత్తం 'నో'. పన్నెండేళ్ల షుగర్, రెండు పూటలా బీపీ గోలీ. ఎవరు నింపారంటే ట్రావెల్స్ దగ్గర కూర్చునే కుర్రాడు. 'రాస్తే రేటు పెరుగుతుంది ఖాలాజాన్, ఎవరు చూస్తారు' అన్నాడట. అతను చెడ్డవాడేం కాదు, నాలుగు వందలు మిగిల్చి సాయం చేశాననే అనుకున్నాడు. ఆ పాలసీ రద్దు చేసి, ఉన్నది ఉన్నట్టు రాసి కొత్తది తీసుకున్నాం. కొన్ని వందలు ఎక్కువయ్యాయి, అంతే.

ఇప్పుడు చాలా పాలసీలకు సంతకం కూడా అక్కర్లేదు. ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఏజెంట్ అడుగుతాడు, మనం చెప్పేస్తాం. ఆ ఓటీపీ చెప్పడమంటే 'ఫారంలో ఉన్నదంతా నిజం' అని సంతకం పెట్టినట్టే. రేపు కంపెనీ అడిగేది ఏజెంట్‌ని కాదు, మిమ్మల్ని. అందుకే ఫారం నింపాక స్క్రీన్ ఫొటో పంపమని అడగండి, జబ్బుల కాలమ్ చదవండి, ఆ తర్వాతే ఓటీపీ చెప్పండి. పెద్దలకు చదవడం రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలు పక్కన కూర్చోవాలి. మందుల చీటీ ముందు పెట్టుకుని, అందులో ఉన్న ప్రతి గోలీ దేనికోసమో ఆ జబ్బు రాయాలి. పైన కేసులో వివాదం రేగింది ఒక్క స్టాటిన్ గోలీ దగ్గరే కదా. 70 దాటిన వాళ్లకు కొన్ని కంపెనీలు ఈసీజీ, షుగర్ రిపోర్టులు అడుగుతాయి. విసుక్కోకుండా ఇవ్వండి, రేపు అవే మీకు సాక్ష్యం.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ల పేర్లు పాస్‌పోర్టులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండటం మామూలే. ఒకచోట మొహమ్మద్, ఇంకోచోట ఎండీ, మరోచోట ముహమ్మద్. పాలసీ మీద పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

నామినీ కూడా ముఖ్యమే. 2025 నవంబర్ 17న మక్కా నుంచి మదీనా వెళ్తున్న ఉమ్రా బస్సు ఆయిల్ ట్యాంకర్‌ను ఢీకొన్న ప్రమాదంలో 45 మంది మన వాళ్లు, ఎక్కువగా హైదరాబాద్ వాళ్లు, ప్రాణాలు కోల్పోయారు. అల్లాహ్ వాళ్ల మగ్‌ఫిరత్ చేయుగాక. బస్సులో ఒక్కరే బతికారు. ఒకే కుటుంబంలో పలువురు ఒకే బస్సులో ఉన్నారు. భర్తకు భార్య, భార్యకు భర్త నామినీగా ఉండి ఇద్దరూ కలిసి ప్రయాణిస్తే ఏమవుతుందో ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను. ప్రమాద బీమా ఉన్న పాలసీలో నామినీగా ఇంటి దగ్గర ఉండే వాళ్ల పేరు పెట్టడం మంచిది. పాలసీ కాపీ, పాస్‌పోర్టు కాపీ కూడా ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉండాలి.

అమెరికా, యూరప్ అయితే

షికాగోలోనో డాలస్‌లోనో ఉన్న కూతురి పురుడుకి వెళ్లే అమ్మలకు లెక్క మారిపోతుంది. అమెరికా విజిటర్ వీసాకు ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, అక్కడి ప్రభుత్వ మెడికేర్ విజిటర్లకు రాదు, ఆసుపత్రి బిల్లులు మాత్రం ప్రపంచంలోనే ఎక్కువ. అక్కడి కంపెనీలు అమ్మే విజిటర్ పాలసీల్లో 'అక్యూట్ ఆన్‌సెట్' అనే మాట ఉంటుంది. పాత జబ్బు అకస్మాత్తుగా, ముందు సూచన లేకుండా ముదిరితే, సాధారణంగా 24 గంటల్లోపు వైద్యం మొదలుపెడితే కవర్ అని దాని అర్థం. నాలుగు రోజులుగా ఆయాసం ఉండి ఐదో రోజు ఆసుపత్రికి వెళ్తే అది 'అకస్మాత్తు' కాదంటారు. 'పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు' అని మన పెద్దలు నొప్పి ఓర్చుకుంటారు కదా, ఆ అలవాటు ఇక్కడ రెండు విధాలా నష్టం. ఈ కవర్‌కు వయసు పరిమితి కూడా ఉంటుంది, 70 దాటితే చాలా వాటిలో తగ్గుతుంది లేదా పోతుంది.

యూరప్ షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవర్ ఉండాలి, షెంజెన్ దేశాలన్నిటిలో చెల్లాలి, అనారోగ్యంతోనో మరణంతోనో స్వదేశానికి చేర్చే ఖర్చూ అందులో ఉండాలి. వీసా కోసం చూపించే చవక పాలసీలో పాత జబ్బు ఉందో లేదో ఎంబసీ చూడదు. మనమే చూసుకోవాలి.

గల్ఫ్‌కు పనికి వెళ్లే అబ్బాయిలది మరో దారి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఉద్యోగానికి వెళ్తుంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాద మరణం, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. ఇది విజిట్ మీద వెళ్లే అమ్మానాన్నలకు వర్తించదు, కలిపి చూడకండి.

మందులు, క్లెయిమ్

డాక్టర్ దగ్గర లెటర్‌హెడ్ మీద జబ్బు, మందుల అసలు పేర్లు, మోతాదు ఇంగ్లీషులో రాయించుకోండి. ప్రయాణానికి ఫిట్ అని కూడా రాయించండి. డాక్టర్ వద్దన్నా వెళ్లారని తేలితే ఏ పాలసీ ఇవ్వదు. ఇన్సులిన్ చేతి సంచీలోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో కాదు. షుగర్ వాళ్లకు కాళ్ల మంటలకు రాసే ప్రీగాబాలిన్, నొప్పులకు రాసే ట్రమడాల్ సౌదీ, యూఏఈల్లో కంట్రోల్డ్ మందులు. చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులోనే చిక్కు. డాక్టర్‌ని అడిగి వేరే మందుకు మారగలిగితే అదే సుఖం.

అక్కడ ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పాలసీ మీద ఉన్న సహాయ నంబర్‌కి వెంటనే, ఎక్కువ పాలసీల్లో 24 గంటల్లోపు, ఫోన్ చేయాలి. క్యాష్‌లెస్ ఆ ఫోన్‌తోనే మొదలవుతుంది. ఆ నంబర్ ఒక కాగితం మీద రాసి, గ్రూపులో నడిచే ఇంకొకరికి కూడా ఇవ్వండి. స్పృహ తప్పిన మనిషి ఫోన్ లాక్ ఎవరు తీస్తారు? బిల్లులు, రిపోర్టులు, డిశ్చార్జ్ కాగితం, బోర్డింగ్ పాస్ ఏదీ పారేయవద్దు. ఇండియా పాలసీ అయితే విమానం ఎక్కే ముందే తీసుకుని ఉండాలి, అక్కడికి వెళ్లాక కుదరదు.

ఇన్సూరెన్స్ జాయిజేనా అని అడిగేవాళ్లు ఉన్నారు, ప్రశ్న సబబే. 1985లో జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ వ్యాపార బీమాను అంగీకరించలేదు, సహకార బీమాను ప్రత్యామ్నాయంగా చూపింది. వీసాకు తప్పనిసరైన దాని సంగతి వేరు, మనమే కొనేదాని సంగతి వేరు. ఉలమాల అభిప్రాయాలు ఒక్కటిగా లేవు. మీరు నమ్మే ముఫ్తీ సాబ్‌ని అడగండి. ఫత్వా ఇవ్వడం రిపోర్టర్ పని కాదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. తెలంగాణ వాళ్లకు ఆఫీసు హైదరాబాద్‌లోనే, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో మొయిన్ కోర్ట్ బిల్డింగ్‌లో ఉంది. జహీరాబాద్ నుంచి పొద్దున బస్సెక్కితే పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ, 155255కి ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వెళ్లేటప్పుడు పాలసీ, తిరస్కరణ లేఖతో పాటు మీరు నింపిన ఆ ఫారం కాపీ తప్పకుండా పట్టుకెళ్లండి. వాళ్లు ముందుగా అడిగేది అదే.